ఒప్పందం ఎన్ని డిగ్రీల దగ్గర గట్టిపడును?

మిశ్రమ పదార్థాల శాస్త్రం తొలి పాఠంలోనే ఒక సంగతి చెబుతుంది: నారకు బలం ఉంటుంది, దాన్ని అతికించే జిగురైన రెజిన్‌కు పట్టు ఉంటుంది, ఆ రెండూ కలిసే అంచు సరిగా అతకకపోతే మాత్రం బలమూ పట్టూ రెండూ వృథా. పరిశ్రమ, విశ్వవిద్యాలయం చేతులు కలిపి సాగించే పరిశోధనకు ఇంతకన్నా చక్కని వర్ణన నాకు ఎక్కడా కనబడలేదు. ఐదారు మైక్రాన్ల మందం ఉన్న కార్బన్ పోగును సూక్ష్మదర్శిని కింద పెట్టి రోజంతా చూసే పెద్దలు, ఈ రెండో అంచును, అనగా అవగాహన ఒప్పందమనే కాగితాన్ని, ఇంతవరకు ఏ యంత్రానికీ బిగించి లాగి చూడకపోవడం శాస్త్రానికి జరిగిన అన్యాయమని తలచి, ఆ లోటు పూడ్చడానికి పూనుకున్నాను.

ముందుగా గట్టిపడే కాలం. ప్రీప్రెగ్, అంటే ముందే రెజిన్ పట్టించిన కార్బన్ గుడ్డ, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో సాధారణంగా ఏడాది పాటు నిలుస్తుంది. బయట పెడితే వారాల లెక్కే. ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడి పెట్టి వేడిచేసే మూతబిగించిన బట్టీలో, 180 డిగ్రీల వేడిలో, ఆరేడు రెట్ల వాతావరణ పీడనం కింద కొన్ని గంటలు ఉంచితే బిగిసిపోతుంది. ఒప్పందం అలాంటిది కాదు. ఒత్తిడి పెంచేకొద్దీ దానికి పేజీలు పెరుగుతాయి. మేధోహక్కులు ఎవరికి చెందాలన్న పేరా దగ్గర ఇరుపక్షాల న్యాయవాదులు ఒక కామాను అటూ ఇటూ జరుపుతుండగానే ఫ్రీజర్‌లోని ప్రీప్రెగ్ చుట్టకు గడువు తీరిపోతుంది. పరిశోధక విద్యార్థి దాని చీటీ మీది తేదీని ఎర్ర సిరాతో కొట్టేసి, 'అభ్యాసానికి మాత్రమే' అని రాసి మళ్లీ లోపలే పెడతాడు. అతని ఉపకార వేతనానికి కూడా అలాంటి చీటీ ఒకటి అంటించి ఉంటే లెక్క సరిపోయేది.

తరువాత కొలతల సమస్య. ఆచార్యులకు కావలసింది లాగి పరీక్షించే 250 మిల్లీమీటర్ల పట్టీ, దాన్ని కూపన్ అంటారు. కంపెనీకి కావలసింది విమానం రెక్క. కూపన్ విరిగితే ఆచార్యులకు పండుగ, ఎందుకంటే అది ఎలా విరిగిందో వ్యాసం రాసుకోవచ్చు. విరగకపోతే కంపెనీకి పండుగ, అయితే ఆ విషయం ఎక్కడా రాయడానికి వీల్లేదు.

ఇంత నిదానం ఎందుకని అడిగేవారికి చరిత్ర చెప్పాలి. 1960లలో బ్రిటన్‌లోని ఫార్న్‌బరో ప్రభుత్వ పరిశోధనశాలలో బలమైన కార్బన్ నార రూపుదిద్దుకోగానే, రోల్స్ రాయిస్ తన ఆర్‌బి211 విమాన ఇంజనుకు ఆ నారతోనే ఫ్యాన్ రెక్కలు చేయ సంకల్పించింది. ఎగిరే పక్షి తగిలితే ఏమవుతుందో చూడడానికి తిరిగే రెక్కల మీదికి కోడిని విసిరే పరీక్షలో అవి నిలవలేదు, టైటానియం దిక్కయింది. ఆ ఇంజను ఖర్చుల భారంతో 1971లో కంపెనీయే దివాలా తీసింది. ఏ కాగితం మీదా సంతకం పెట్టని కోడి తీర్పు చెప్పిన పాతికేళ్లకు, 1995లో, జనరల్ ఎలక్ట్రిక్ వారి జీఈ90 ఇంజనుతో మిశ్రమ పదార్థపు ఫ్యాన్ రెక్కలు ప్రయాణికుల విమానాల్లో ఎగిరాయి. కనుక ప్రతి సంయుక్త పర్యవేక్షక సంఘంలోనూ కోళ్లకు ఒక స్థానం కేటాయించాలని నా మనవి.

ఇక లోపాలు. విమాన భాగంలో గాలి బుడగలు ఒకటి రెండు శాతం మించితే దాన్ని పక్కన పడేస్తారు. ఒప్పందంలో 'ఇరుపక్షాల అంగీకారంతో తదుపరి నిర్ణయించబడును' అన్న వాక్యాలను బుడగలుగా లెక్కిస్తే, మిగిలేది తేదీ, రెండు సంతకాలు. పొరలు విడిపోయాయో లేదో తెలుసుకోవడానికి పాతకాలపు మెకానిక్కులు నాణెంతో తట్టి చెవి ఒగ్గేవారు. గట్టి చోట టంగుమంటుంది, విడిన చోట మొద్దుగా పలుకుతుంది. ఫ్రేము కట్టి గోడకు తగిలించిన ఒప్పందాన్ని నేనూ అలాగే తట్టబోయాను. అయితే నాణెం ఏ పద్దు కింద కొనాలో అందులో రాసిలేదు గనుక, పరీక్షను వచ్చే త్రైమాసిక సమావేశానికి వాయిదా వేశారు.