రెట్రోవైరస్ గారికి, ఒక్క అక్షరం కోసం తిరుగుతున్న మనిషి రాయునది

మహారాజశ్రీ రెట్రోవైరస్ గారికి, చెన్నై నుంచి ఒక ప్లస్ టూ బయాలజీ టీచరు రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి అనాలి గానీ కుశలం ఒకవైపే ఉంది, తమరివైపు.

మా పాప సర్టిఫికెట్లో ఇనిషియల్ 'కె' ఉండాల్సిన చోట 'జె' కొట్టారు. ఎవరి వేలు జారిందో దేవుడికెరుక. అది మార్చమని నిన్నటితో అయిదోసారి వెళ్లాను. స్కూల్లో హాఫ్ డే లీవు పెట్టి, ఎండలో రెండు బస్సులు మారి, టోకెన్ పట్టుకుని మూడు గంటలు బెంచీ మీద కూర్చుంటే కౌంటర్లో ఆయన "కె అంటే అప్పా పేరా?" అన్నాడు. కాదండీ, ఇంటిపేరు, మేం తెలుగువాళ్లం అన్నాను. "ఇంటికెందుకు మేడమ్ పేరు, డోర్ నంబర్ చాలదా?" వెనక లైన్లో నలుగురు నవ్వారు, వేరే దారి లేక నేనూ నవ్వాను. ఫైలు పైకి వెళ్లాలట, సోమవారం రమ్మన్నారు.

ఆ మూడు గంటలూ ఒళ్లో పెట్టుకుని చదివింది మర్నాటి పాఠం, అంటే తమరి ఘనకార్యాలే. చదివేకొద్దీ కడుపు మండిపోయింది.

కణంలో చెల్లేది డీఎన్‌ఏ, తమరు పట్టుకొచ్చేది ఆర్‌ఎన్‌ఏ. ఫారమే తప్పు! మా కౌంటర్లో అయితే ఆ కాగితం మొహాన కొట్టేవాళ్లు. తమరేమో రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే సొంత గుమాస్తాను వెంటబెట్టుకొచ్చి ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా తిరగరాయించుకుంటారు. 1970లో టెమిన్, బాల్టిమోర్ అనే శాస్త్రవేత్తలు వేర్వేరుగా ఈ గుట్టు పట్టుకునేదాకా ఇలా వెనక్కి రాయడమనేది ఉంటుందని చాలామంది ఒప్పుకోనే లేదు. రాత మొదలుపెట్టడానికి కావలసిన టీఆర్‌ఎన్‌ఏ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క కూడా మా కణానిదే, అంటే పెన్ను కూడా తెచ్చుకోరు. పైగా ఆ గుమాస్తా రాసినదాన్ని సరిచూసుకోడు, అన్నీ తప్పులే. తమరి వంశంలోదే, ఎయిడ్స్ తెచ్చే హెచ్‌ఐవీకి ఆ తప్పులే కలిసొచ్చి మందుకు లొంగని రకాలు పుడతాయి. అక్షరదోషాలతో బాగుపడ్డవాళ్లని ఎక్కడైనా చూశామా!

(అన్నట్టు, కోళ్ల కంతి వెనక వైరస్, అదీ తమరి జాతిదే, ఉందని 1911లోనే చెప్పిన పేటన్ రౌస్‌కి నోబెల్ ఇచ్చింది 1966లో. ఆయన ఫైలూ పైకే వెళ్లి ఉంటుంది.)

అదంతా పోనీ. నాకు మింగుడుపడనిది ఇంటిగ్రేజ్ అనే తమరి ఇంకో ఎంజైము సంగతి. తమరి డీఎన్‌ఏ రెండు కొసల్లోనూ రెండేసి అక్షరాలు కొరికి పదును పెడుతుంది, మా డీఎన్‌ఏని కోస్తుంది, ఆ కోతలో తమరిని అతికిస్తుంది. అదీ సగమే. ఒక్కో కొసలో ఒక్కో పోగు మాత్రం కలిపి, మిగతా ఖాళీలు అలాగే వదిలేసి చేతులు దులుపుకుంటుంది. ఆ ఖాళీలు పూడ్చేదెవరు? మేమే! మా కణంలోని రిపేరు ఎంజైములే పరిగెత్తుకొచ్చి, ఎవరు నువ్వు, ఐడీ ఏది, ఇంటిపేరేమిటి అని ఒక్క ముక్క అడక్కుండా గమ్ము రాసి, నున్నగా అతికించి పోతాయి. హెచ్‌ఐవీ అయితే సుమారు 9,700 అక్షరాలు. నేను అడుగుతున్నది ఒకటి. ఒక్కటి! అంత జరిగాక మిగిలే ఆనవాలల్లా అటూ ఇటూ రెండుసార్లు పడ్డ మా అయిదు అక్షరాలు. అది చూసి ఫైలు వెనక్కి పంపే ఆఫీసరు మా ఒంట్లో ఒక్కడూ లేడు.

ఆఫీసు బయట టీ బంకు దగ్గర ఒక బ్రోకరుంటాడు, రెండు వేలిస్తే వారంలో అయిపోతుందంటాడు, నేను ఇవ్వలేదు. నీకు మాత్రం లోపలే బ్రోకరు, ఎల్‌ఈడీజీఎఫ్ అని, అదీ మా ప్రొటీనే. హెచ్‌ఐవీని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, బాగా పని జరుగుతున్న జన్యువుల మధ్య సీటు చూపిస్తుంది. ఎలుకలకు లుకేమియా తెచ్చే నీ చుట్టం నయం, కణం విభజన జరిగి కేంద్రకం గోడ విచ్చుకునేదాకా బయట కాచుకుంటాడు. హెచ్‌ఐవీకి ఆ ఓపిక కూడా లేదు, ఉన్న రంధ్రంలోంచే దూరిపోతుంది.

'తమరు' పోయి 'నువ్వు' వచ్చేసింది, గమనించే ఉంటావు. ఉండనీ.

ఎందుకంటే ఇది నవ్వే సంగతి కాదు. ఈ ఊళ్లోనే 1986లో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని నిర్మల కలిసి దేశంలో మొదటి హెచ్‌ఐవీ కేసులు బయటపెట్టారు. మందులొచ్చాయి, మనుషులు బతుకుతున్నారు, కానీ నువ్వు ఒకసారి రాసుకున్నది ఆ మందులు చెరపలేవు. రోగాలతో పోరాడే కణాల్లో నిద్రపోతున్న కొన్నిటిలో, టీ కణాలంటారు వాటిని, నోరు మూసుకుని పడుంటావు, మాత్ర మానేస్తే లేస్తావు. అందుకే జీవితాంతం మాత్రలు. సిగ్గులేని జన్మ నీది. ఆ మనుషులకు ఇల్లు అద్దెకివ్వనిది మాత్రం నువ్వు కాదు, మేమే. ఆ లెక్క వేరే.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోక తప్పదు. మా పూర్వీకుల బీజకణాల్లోకి నీ తాతముత్తాతలు దూరి, తరతరాలుగా మాతోనే దిగిపోయి, ఇవాళ మా జన్యురాశిలో దాదాపు 8 శాతం మీదే. మేం ప్రొటీన్లు చేసుకునే భాగం 2 శాతం కూడా లేదు! ఆ పాత సరుకులో ఒక జన్యువు, ఒకప్పుడు నీ పై తొడుగు కోసం వాడుకున్నది, ఇప్పుడు సిన్సిటిన్ పేరుతో మా మాయలో (ప్లాసెంటాలో) కణాలను ఒకదానితో ఒకటి కలిపి, తల్లి రక్తానికీ బిడ్డకూ మధ్య పొర కట్టడానికి సాయపడుతోంది. అంటే నా పిల్ల తొమ్మిది నెలలు నా కడుపులో పెరగడంలో నీ చెయ్యి ఉంది. దానికి థాంక్స్, మనసారా.

కానీ చూశావా, దాని ఒంట్లో ప్రతి కణంలోనూ మీ ఇంటిపేరు తప్పులతో సహా భద్రంగా ఉంది. మా ఇంటిపేరుకే ఇంకా నోటరీ అఫిడవిట్ కావాలట, మూడు జెరాక్సులు, ఒరిజినల్ కూడా.

ఇట్లు,
'జె' అయిపోయిన 'కె' వారి కోడలు