మైనస్ ఎనభై గారికి బరంపురం నుంచి విన్నపం

మహారాజశ్రీ మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్ గారి దివ్య సముఖానికి, దక్షిణ ఒడిశాలో బరంపురం, గుణుపూర్, రాయగడ వైపు ఉంటూ, రోగాలు తెచ్చే బాక్టీరియా మీద పనిచేసే తెలుగు జీవరసాయనం వాళ్ళం నమస్కరించి వ్రాయునది ఏమనగా:

ఉభయకుశలోపరి. తమ కుశలం కరెంటు చేతిలో ఉంది, మా కుశలం తమ చేతిలో ఉంది.

బాక్టీరియా రోగం ఎలా తెస్తుందో కనిపెట్టే ఉద్యోగమంటే రోజంతా మైక్రోస్కోపులో కన్ను పెట్టి కూర్చోవడమని ఊళ్ళో అనుకుంటారు. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు ‘అబ్బాయి క్రిముల డాక్టరటండీ’ అని కూడా చెప్పుకుంటారు. మేము తమ వాకిట్లో దర్వాన్లమని బయటపెడితే సంబంధం తప్పిపోతుంది. నెట్ పరీక్ష గట్టెక్కి జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే జీతం) తెచ్చుకుంటే, 2023 జనవరిలో పెరిగిన లెక్క ప్రకారం నెలకు 37,000, రెండేళ్ళ తర్వాత 42,000, మొత్తం కలిపి అయిదేళ్ళు. తమ కంప్రెసర్‌కు చాలా కంపెనీలిచ్చే గ్యారంటీ కూడా అయిదేళ్ళే. కాకపోతే తమరు ఆగిపోతే మెకానిక్ వస్తాడు.

తమకు నైవేద్యం పెట్టడమే ఒక విద్య. రాత్రంతా 37 డిగ్రీల్లో పెంచిన కల్చర్ (బాక్టీరియా పెరిగిన ద్రవం) 500 మైక్రోలీటర్లు, ఆటోక్లేవ్‌లో ఆవిరికి శుద్ధి చేసిన 50 శాతం గ్లిసరాల్ 500, చిన్న గొట్టంలో పోసి చుక్క కూడా తేడా లేకుండా కలపాలి. గ్లిసరాల్ తేనెలా చిక్కన, పైపెట్ కొనకు సగం అంటుకుపోతుంది. సరిగా కలవకపోతే అడుగున గ్లిసరాల్, పైన మంచు, ఆ మంచు ముళ్ళకు చిరిగిన బాక్టీరియా. మళ్ళీ కావాల్సినప్పుడు గొట్టాన్ని కరిగించకూడదు, పైపైన లూపుతో (కొన చుట్టిన తీగ) గీరి ప్లేటు మీద గీయాలి. ఇది తెలియని కొత్త పిల్లలు గొట్టాన్ని బెంచి మీద పెట్టి టీకి వెళ్తారు.

గొట్టం మీద పేరుది ఇంకో కథ. మామూలు మార్కరుతో రాసి, ఆల్కహాల్ తగిలిన గ్లౌజుతో పట్టుకుంటే చాలు, మూడేళ్ళ పని తెల్లగా తుడిచిపెట్టుకుపోతుంది.

పేరు ఉన్నా లోపల అదే ఉందన్న భరోసా లేదు. రక్తవిరేచనాల షిగెల్లానే చూడండి. పేగు కణాల్లోకి దూరే దాని సరంజామా అంతా ఒక పెద్ద ప్లాస్మిడ్ (విడిగా ఉండే డీఎన్ఏ చుట్ట) మీద ఉంటుంది. ల్యాబ్‌లో కూర్చోబెట్టి మేపుతుంటే ఆ బరువు మోయడం దండగని దానికి తోస్తుంది, ప్లాస్మిడ్‌ను వదిలేస్తుంది. కాంగో రెడ్ అనే రంగు కలిపిన అగార్ ప్లేటు మీద గీస్తే సంగతి బయటపడుతుంది: ఎర్రగా వచ్చినవి ఇంకా రోగం తేగలవి, తెల్లగా వచ్చినవి రిటైరైనవి. ఎర్రటి కాలనీ ఒక్కటే ఎంచి అదే రోజు తమ కడుపులో దాచాలి. వారం వారం ప్లేటు నుంచి ప్లేటుకు మార్చుకుంటూ పోయి, ఆరు నెలలయ్యాక ‘ఎందుకో ఇన్‌ఫెక్షన్ రావడం లేదు సార్’ అనేవాళ్ళు అన్నిచోట్లా ఉన్నారు.

ప్రోటీన్ల విషయంలో తమరి కుట్ర ఇంకా నేర్పైనది. బాక్టీరియా నుంచి శుద్ధి చేసిన విషాన్ని సోడియం ఫాస్ఫేట్ బఫర్‌లో (పులుపు మారకుండా కాచే ద్రావణం) పెట్టి తమకు అప్పగిస్తే, నెమ్మదిగా గడ్డకట్టేటప్పుడు డైసోడియం ఫాస్ఫేట్ ముందే స్ఫటికమై పక్కకు తప్పుకుంటుంది. 7 ఉన్న పీహెచ్ (తగ్గితే పులుపు పెరిగినట్టు) 4 దాకా జారిపోతుంది. ప్రోటీన్ పులుసులో ఊరి చస్తుంది. అందుకని బఫర్ మార్చాలి, కాస్త గ్లిసరాల్ చేర్చాలి, 20 మైక్రోలీటర్ల చొప్పున గొట్టాలు నింపి ద్రవ నత్రజనిలో టక్కున ముంచాలి. ద్రవ నత్రజని ఎక్కడిదంటే, భువనేశ్వర్ 170 కిలోమీటర్లు. దగ్గర్లో అది దొరికేది పశువుల ఆసుపత్రిలోనే, ఎద్దు వీర్యం గొట్టాలు నిద్రపోయే క్యానుల్లో. అంటే పశువుల డాక్టరు గారిని మంచి చేసుకోవడం కూడా జీవరసాయన శాస్త్రంలో భాగమే. సిలబస్‌లో మాత్రం ఉండదు.

తమరి కొలువుకు రానని భీష్మించింది కలరా విషం. మా వైపు ఆ రోగాన్ని పాతవాళ్ళు మరిడి అనేవారు, ఒడియా ఇరుగుపొరుగు ఝాడా-బాంతి అంటారు. ఆ విషం ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది: అయిదుగురు బోయీలు, పల్లకీలో ఒక దొర. బోయీలు పేగు కణం మీది జీఎం1 అనే కొవ్వును పట్టుకుంటారు, దొర లోపలికి దూరి కణానికి కబుర్లు చేరవేసే జీ-ప్రోటీన్ స్విచ్చిని ఆన్‌లోనే బిగించేస్తాడు. సైక్లిక్ ఏఎంపీ అనే కబురు అణువు పెరుగుతుంది, క్లోరైడ్ బయటికి పరిగెడుతుంది, వెనకే ఉప్పూ నీళ్ళూ. రోగం పని ఈ విషానిదేనని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే తేల్చాడు, కుందేలు పేగును ముక్కగా కట్టి అందులోకి బాక్టీరియా లేని వడపోత నీరు ఎక్కించి. ఇంత పని చేసే పొడి సీసా మీద ‘2–8 డిగ్రీలు, గడ్డకట్టనీయవద్దు’ అని రాసి ఉంటుంది. లక్షలు పోసి తమరిని తెచ్చి, దాన్ని మాత్రం పాల ప్యాకెట్లు పెట్టుకునేలాంటి ఫ్రిజ్‌లో పెట్టాలి.

బాక్టీరియా సంగతి చూస్తే కలరాది ఇంకో పెడసరం. ఫ్రిజ్‌లో ప్లేటు ఉంచితే కొద్ది రోజులకే మళ్ళీ పెరగనని మొండికేస్తుంది. అదే చక్కెర వేయని మెత్తటి న్యూట్రియంట్ అగార్‌లో సూదితో గుచ్చి, బిరడా బిగించి మైనం పూసి, చీకటి బీరువాలో గది వేడిలోనే వదిలేస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. చక్కెర పడితే అది పులిసి, ఆ ఆమ్లానికి అదే చస్తుంది. తమరికి కోపం వస్తుందని ఈ సంగతి గ్రాంటు దరఖాస్తులో ఎవరూ రాయరు.

అయినా తమరు లేకుండా గడవదు, ఒప్పుకుంటాం. 2007లో రాయగడ, కొరాపుట్, కలహండి జిల్లాల్లో కలరా చెలరేగింది. కలరా బాక్టీరియాలో క్లాసికల్ అని పాత రకం, ఎల్ టార్ అని తర్వాతి రకం ఉన్నాయి; అప్పుడు దొరికినవి బతకడంలో ఎల్ టార్, విషంలో దాదాపు క్లాసికల్. ఆ రెండు రకాల విషపు బోయీల్లో తేడా మామూలుగా రెండే రెండు అమైనో ఆమ్లాలు, 39వ స్థానంలో ఒకటి, 68వ స్థానంలో ఒకటి. పక్కన పెట్టి పోల్చడానికి పాత రకాలు ఎక్కడో చలిలో బతికుండబట్టే ‘ఇది మారింది’ అనగలిగారు.

ఇక అక్టోబరు. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి, రెండూ అదే నెల. తుపాను కబురు రాగానే జనం బియ్యం, కొవ్వొత్తులు కొంటారు, మేము డీజిలు కొంటాం. ఖాళీ అరల్లో ముందుగానే నీళ్ళ సీసాలు గడ్డకట్టించి పేర్చుకుంటాం, చలి ఎక్కువసేపు నిలుస్తుంది. కరెంటు పోయాక అన్నిటికన్నా కష్టమైన పని తలుపు తెరవకుండా ఉండటం. ‘ఎలా ఉందో ఒక్కసారి చూద్దాం’ అన్నవాడే ముంచుతాడు. కరెంటు తిరిగొచ్చాక కూడా గండమే: తమ పొట్టలో రెండు కంప్రెసర్లు, మొదటిది రెండోదాన్ని చల్లబరిస్తే రెండోది లోపలిని చల్లబరుస్తుంది. తక్కువ వోల్టేజీలో రెండూ ఒకేసారి లేవబోతే మూలిగి పడిపోతాయి.

మామూలు రోజుల్లో ఈ సముద్రపు తేమ చాలు. తలుపు అర నిమిషం తెరిస్తే రబ్బరు అంచున మంచు, మంచు ఉంటే తలుపు సందు, సందు ఉంటే ఇంకా మంచు. ప్లాస్టిక్ గరిటెతో గీరాలి, చాకు పెట్టి రబ్బరు కోసేవాళ్ళకు దండం. నెలకోసారి కింది ఫిల్టరు దుమ్ము కడగాలి, వెనక గోడకు జానెడు ఎడం ఉంచాలి.

మా విన్నపం ఒక్కటే. పాత మోడల్ ఫ్రీజర్ దొరలు రోజుకు 15–20 యూనిట్లు తాగుతారు. తమరిని మైనస్ 70కి సర్దితే అందులో దాదాపు 30 శాతం మిగులుతుంది, గ్లిసరాల్‌లో ఉన్న బాక్టీరియాకు ఆ పది డిగ్రీలు పట్టవు. దీన్ని పదవి తగ్గింపుగా భావించవద్దని ప్రార్థన.

ఇట్లు
తమ తలుపు దగ్గర గ్లౌజులతో నిలబడినవాళ్ళు

తా.క.: మూడో అరలో వెనక మూల 81 గొట్టాల పెట్టె ఒకటి ఉంది. పేర్లన్నీ చెరిగిపోయాయి. ఎవరిదో తమకు గుర్తుంటే సెలవివ్వగలరు, లేకపోతే అందరం దాన్ని ఇంకో అయిదేళ్ళు అలాగే ఉంచుతాం.