అడ్డపొగ అనే మాట ఫారంలో లేదు

శ్రీకాకుళం తీరంలో చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ముసలావిడ నోట్లో చుట్ట ఇప్పటికీ కనబడుతుంది. నిప్పు మాత్రం కనబడదు. కాలే కొస నోటి లోపల, చల్లటి కొస బయట. దీన్ని అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదని, చంకలో పిల్ల మీద నుసి రాలదని, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుందని కారణాలు చెబుతారు. అసలు కారణం అంతకంటే సాదా. అమ్మ తాగింది, అమ్మమ్మ తాగింది.

ఈ అలవాటు కొత్తగా బయటపడిందేమీ కాదు. కోస్తా డాక్టర్లు 1950ల్లోనే వైద్య పత్రికల్లో దీని గురించి రాశారు. తర్వాత డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కి చెందిన ఫలీ మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్లు తెరిపించి చూశారు. అందులో దాదాపు 44 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్లే. అంగిలి మీద తెల్లటి పూత, ఎర్రటి మచ్చలు, ఆ తర్వాత పుండు, చివరికి క్యాన్సర్. ఈ వరస అంతా 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చయింది. నోటి వ్యాధుల పాఠ్యపుస్తకాల్లో అంగిలి క్యాన్సర్ అధ్యాయానికి మన పల్లెల ఆడవాళ్ల నోళ్లే ఆధారమయ్యాయి. మరి వాళ్లకు ఏం దక్కింది?

ఇంటింటి క్యాన్సర్ స్క్రీనింగ్ గురించి మన రాష్ట్రంలో వచ్చిన ప్రకటనలు, రోజూ ట్యాబ్‌లో పెరిగే అంకెలు పాఠకులకు కొత్త కాదు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ నోటి క్యాన్సర్ పరీక్ష, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష కూడా చేయాలన్నది జాతీయ కార్యక్రమం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నోటి పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు 0.9 శాతం. వందకు ఒక్కరు కూడా లేరు. ఇప్పుడు ఆ అంకె పెంచాలని అందరికీ ఆత్రం. పెంచండి, మంచిదే. నా పేచీ ఎవరి నోరు చూస్తున్నారు, నోట్లో ఎక్కడ చూస్తున్నారు అన్న దగ్గరే.

ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చే ప్రశ్నల ఫారం ఢిల్లీలో తయారైంది. పొగ తాగుతారా, గుట్కా, ఖైనీ లాంటివి నములుతారా అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. అడ్డపొగ ఊసే లేదు. అడ్డపొగ తాగే సోంపేట ముసలావిడ, రోజుకు రెండు సిగరెట్లు కాల్చే గుమాస్తా ఆ ఫారంలో ఒకే గడిలో పడతారు. ఇది చిన్న విషయమని కొట్టిపారేయడానికి లేదు. గుట్కా మచ్చ సాధారణంగా బుగ్గలోనో, చిగురు పక్కనో వస్తుంది. మామూలుగా పొగ తాగేవాళ్లకు గట్టి అంగిలి మీద క్యాన్సర్ రావడం అరుదు. అడ్డపొగ తాగేవాళ్లకు వచ్చేది సరిగ్గా అక్కడే. అది కనబడాలంటే కట్టుడు పళ్లుంటే తీయించి, తల బాగా వెనక్కి వాల్పించి, టార్చిలైటు పైకి వేయాలి. బుగ్గలు, నాలుక చూసి ‘నార్మల్’ అని నొక్కేస్తే ఆవిడ లెక్కలో చేరుతుంది, మచ్చ మాత్రం అక్కడే ఉండిపోతుంది.

దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన పరిశోధన ఈ సంగతి రుజువు చేసింది. డాక్టర్లు కాని, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి, నోరు తెరిపించి, కంటితో చూశారు. మూడేళ్లకోసారి, మూడు విడతలు. 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. మొత్తం జనాభాను కలిపి చూస్తే మాత్రం ఆ తేడా గట్టిగా నిలబడలేదు. నాకు ఈ రెండో ముక్కే ముఖ్యం. అందరి నోళ్లూ పైపైన చూడటం కంటే, అలవాటున్నవాళ్లను వెతికి పట్టుకుని శ్రద్ధగా చూస్తేనే ప్రాణాలు దక్కుతాయి. అడ్డపొగ ఊళ్లు ఏవో మనకు తెలుసు, తాగేవాళ్లు ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు. ఇంత సులువైన లక్ష్యం దేశంలో ఇంకెక్కడ దొరుకుతుంది?

మానేస్తే ఫలితం ఉంటుందా అంటే, దానికీ జవాబు మన జిల్లాలోనే ఉంది. అదే టాటా సంస్థ పరిశోధకులు ఎర్నాకుళం, భావ్‌నగర్‌లతో పాటు శ్రీకాకుళంలోనూ 36 వేల మంది పొగాకు వాడకందార్లకు మానమని నచ్చజెప్పి, ఏళ్ల తరబడి వెంట ఉండి చూశారు. 1986 నాటికే లాన్సెట్‌లో రాశారు, మానితే నోట్లో మచ్చలు తగ్గుతాయని.

ఈ అలవాటు ఎలాగూ పోతోంది, కొత్త తరం ముట్టడం లేదు, పాతతరంతోనే అంతరిస్తుంది, ఇప్పటికే ఊపిరాడని ఆశాల మీద ఇంకో పని ఎందుకని అంటారు. మొదటి మాటలో నిజం ఉంది, ఆశాల మీద భారం గురించి చెప్పేది పూర్తిగా నిజం. కానీ ‘పాతతరంతో అంతరిస్తుంది’ అంటే ఏమిటో ఒకసారి ఆగి ఆలోచించాలి. నలభై ఏళ్లు తాగినవాళ్లు ఇప్పుడు అరవైల్లో, డెబ్భైల్లో ఉన్నారు. క్యాన్సర్ వచ్చే వయసు అదే. వాళ్లు పోయేదాకా ఆగుదాం అన్న మాటను మర్యాదగా చెబితే అలా ఉంటుంది.

సరే, మచ్చ కనబడిందనుకుందాం. అసలు కథ అప్పుడు మొదలవుతుంది. ఆశా చూసి ఏఎన్‌ఎంకి చెబుతుంది, ఏఎన్‌ఎం పీహెచ్‌సీకి పంపుతుంది, అక్కడి డాక్టరు ముక్క పరీక్షకు (బయాప్సీకి) పెద్దాసుపత్రికి రాస్తాడు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ వెళ్లాలంటే రెండొందల కిలోమీటర్లకు పైనే. కొడుకు గుజరాత్‌లో వెరావల్ పడవ మీద ఉంటాడు, కోడలు రొయ్యల షెడ్డుకు వెళ్తుంది. నొప్పి లేని మచ్చ కోసం ఎవరు తోడు వస్తారు? పుండై, నొప్పి పుట్టి, ముద్ద దిగనప్పుడు అందరూ కదులుతారు. అప్పటికి పై దవడ ఎముక తీయాల్సి వస్తుంది. తీశాక ఆ ఖాళీని మూసే ప్లేటు పెట్టుకోకపోతే తాగిన గంజి ముక్కులోంచి వస్తుంది, మాట ముక్కుతో పలుకుతుంది. ఆ ఆపరేషన్‌కి ప్రభుత్వ పథకం ఉంది, ఎన్ని ప్రభుత్వాలు పేరు మార్చినా ఉంది. మచ్చకీ ఆపరేషన్‌కీ మధ్య ఉన్న తిరుగుడుకి మాత్రం ఆవిడ కొంగుముడే దిక్కు. రెండు బస్సు టికెట్లు, ఒక పూట కూలి, తోడుగా వచ్చే ఆశాకు ఒక రోజు భత్యం. పై దవడ ఆపరేషన్ బిల్లులో ఇదెంత?

ఇక్కడ ఒక పెద్ద జబ్బు గురించి చెప్పక తప్పదు. మన జిల్లాలకు సొంతంగా ఆలోచించే హక్కు లేదు. ఢిల్లీ ఫారం పంపితే అమరావతి తెలుగు చేస్తుంది, జిల్లా నింపుతుంది. జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి (డీఎంహెచ్‌వోకి) తన జిల్లా జబ్బు తెలిసినా ఒక గడి అదనంగా కలిపే అధికారం ఉండదు. ఉద్దానంలో కారణం తేలని కిడ్నీ జబ్బు సంగతి చూడండి. జనం దశాబ్దాల పాటు చచ్చిపోతూ, గోల చేస్తూ ఉంటే, చివరికి 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అదే తీరం, అవే మండలాలు. అడ్డపొగ ఆడవాళ్లు గోల చేయరు, వాళ్లకు నాయకులు లేరు, వాళ్ల క్యాన్సర్‌కు ‘మిస్టరీ’ అన్న పేరు కూడా లేదు. కారణం తెలిసిన జబ్బు మీద ఎవరికీ ఆసక్తి ఉండదేమో. కొబ్బరి తోటల మండలానికి ఒక ప్రశ్నపత్రం, చేపల రేవుకు ఒకటి, ఏజెన్సీకి ఇంకొకటి ఎందుకు ఉండకూడదు? సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి కలపడానికి రాజ్యాంగ సవరణ కావాలా?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం. పడవలు ఒడ్డెక్కుతాయి, గంపలు ఖాళీగా ఉంటాయి, మగవాళ్లు చాలామంది ఇంటి దగ్గరే ఉంటారు, తోడు వెళ్లడానికి మనిషి దొరుకుతాడు. వేట నిషేధ భృతి కోసం పడవలనూ మనుషులనూ లెక్కపెట్టడానికి మత్స్యశాఖ సిబ్బంది ఎలాగూ రేవుకు వస్తారు. ఆ 61 రోజుల్లో ఒక ఏఎన్‌ఎం టార్చిలైటు పట్టుకుని వాళ్ల వెంట నడిస్తే, అడిగే మొదటి ప్రశ్న ‘అమ్మా, చుట్ట ఏ వైపు పెట్టుకుంటావు?’ అయితే చాలు.