పడితే చెబుతారు, ఆగితే చెప్పరు

పి.గన్నవరం దగ్గర గోదావరి లంకలో ఉండే మా బాబాయి ఫోన్‌లో పెట్టుబడి సాయం పడినప్పుడల్లా వచ్చిన మెసేజులన్నీ భద్రంగా ఉంటాయి. ఒక విడత రాలేదు. "ఊళ్ళో అందరికీ పడ్డాయంట్రా, నాకేమైంది?" అని నాకు ఫోన్ చేశాడు. రెండో విడతా రాకపోయేసరికి నేనే వెళ్ళి, ఆయన ఆధార్ కార్డు ముందు పెట్టుకుని పోర్టల్ తెరిచాను. భూమి వివరాల అనుసంధానం అన్నచోట 'నో' అని ఉంది. అది ఎప్పుడు 'నో' అయింది, ఎందుకైంది, ఎవర్ని కలవాలి? ఒక్క ముక్క లేదు. డబ్బు పడితే నిమిషాల్లో మెసేజ్ పంపిన నంబరు వాళ్ళ దగ్గరే ఉంది. ఆగిపోయిన రోజున మాత్రం ఆ నంబరు ఎవరికీ గుర్తు రాలేదు.

పన్నుల ఖాతాలైనా, పథకాల ఖాతాలైనా వాటి నోటిఫికేషన్లలో అసలు లోపం ఇదే. శుభవార్త మోసుకొస్తాయి, చేటు కబురు మింగేస్తాయి. మనిషికి మెసేజ్ అవసరమయ్యేది సరిగ్గా ఆ రెండో సందర్భంలోనే.

హెచ్చరిక ఎలా ఉండాలో గోదావరి వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. లంకల్లో బడి మొహం చూడని ముసలమ్మకు కూడా ఈ లెక్క నోటికొచ్చు. మొదటిది వినగానే గొడ్లను గట్టుకు తోలతారు. రెండోదానికి బియ్యం బస్తాలు, కాగితాలు అటకెక్కుతాయి. మూడోది అంటే ఇల్లు వదలడమే. అసలు భద్రాచలంలో 43 అడుగులు అన్న కబురు రాగానే కిందవాళ్ళు లెక్క మొదలుపెడతారు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలోనూ జనం కదిలింది ఈ అంకెల్ని బట్టే. నీళ్ళు రాకముందే కబురు రావాలి, ఎంత ప్రమాదమో తెలియాలి, ఏం చేయాలో తెలియాలి. ఈ మూడూ ఉంటేనే అది హెచ్చరిక.

మన పోర్టళ్ళు మూడు మెట్ల హెచ్చరికల్నీ కలిపి కలగాపులగం చేశాయి. ఆదాయపు పన్ను ఖాతాలో రిటర్ను వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై (ఆన్‌లైన్‌లో ధ్రువీకరణ) చేయకపోతే గడువులో వేసింది కూడా ఆలస్యపు రిటర్ను అయిపోవచ్చు. రిటర్నులో లోపాలున్నాయని నోటీసు వస్తే 15 రోజులే సమయం. ఇది మూడో హెచ్చరికతో సమానం. మామూలు సమాచారంతో కలిసి ఒకే ముఖంతో మెయిల్లో పడితే భీమవరంలో రొయ్యల మేత అమ్ముకునే చిన్న వ్యాపారి దేన్నని పట్టించుకుంటాడు? జీఎస్టీ పోర్టల్లో 'అదనపు నోటీసులు, ఆదేశాలు' అనే మూలన పెట్టిన నోటీసు కంటపడలేదని వ్యాపారులు హైకోర్టుల దాకా వెళ్ళారు. నోటీసు పెట్టడం వేరు, అందజేయడం వేరు.

భాష సంగతి చూడండి. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70. గుణింతం, ఒత్తు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'లక్ష్మి' అన్న పేరొక్కటే ఏడు. అందుకని ఖర్చు చూసుకుని ఇంగ్లిష్‌లో పంపేయడం తేలికైపోయింది. కానీ ఇది చదవండి: "మీ సాయం ఆగింది. కారణం: భూమి వివరాలు. 15లోగా సచివాలయానికి వెళ్ళండి." లెక్కపెట్టాను, 66. ఒక్క ఎస్సెమ్మెస్‌లో సరిపోయింది. ఏం జరిగింది, ఎందుకు, ఎప్పట్లోగా, ఎక్కడికి... అన్నీ ఉన్నాయి.

ఇక నంబరు. కోనసీమలో ఎందరో తల్లుల ఆధార్‌కు ఉన్నది కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్న బిడ్డ నంబరు. ఓటీపీ కోసం అర్ధరాత్రి ఫోన్లు చేసుకునే ఇళ్ళు నాకు తెలుసు. ప్రతి ఖాతాకూ రెండో నంబరు పెట్టుకునే వీలుండాలి. ఫోన్ నంబరు గానీ బ్యాంకు ఖాతా గానీ మారితే ఆ కబురు పాత నంబరుకు కూడా తప్పనిసరిగా వెళ్ళాలి. దొంగ ముందుగా మార్చేది ఆ నంబరునే.

మెసేజులు ఎక్కువైతే జనం చూడడం మానేస్తారనీ, మోసగాళ్ళు వాటినే అనుకరిస్తారనీ అధికారులు అంటారు. రెండూ నిజమే. అందుకే కదా వరద హెచ్చరికల్లా మూడు మెట్లు కావాలంటున్నది. ప్రభుత్వ మెసేజ్ పంపినవారి పేరు చివర 'జి' ఉండాలన్న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన 2025లో వచ్చింది. అది ప్రతి ఊళ్ళో చెప్పాలి. మెసేజులో లింకులు అసలే పెట్టకూడదు. అప్పుడు లింకు ఉన్నదల్లా దొంగదేనని మా బాబాయి కూడా చెప్పగలడు.

నా అసలు బాధ ఇంకా వెనక్కి పోతుంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఊరి భూమి లెక్కలు రాసే కరణాల వ్యవస్థను రద్దు చేసినప్పుడు పల్లెలు ఊపిరి పీల్చుకున్నాయి. కరణం అబద్ధం రాస్తాడన్నది సగం భయమే. ఏ పొలం ఎవరు సాగు చేస్తున్నారో రాసే అడంగల్లో ఏం రాశాడో మనకు తెలియదన్నది మిగతా సగం. పొలం నీదే, దున్నేది నువ్వే, కానీ పుస్తకం ఆయన సంచిలో. ఇవాళ ఆ పుస్తకం సర్వర్లోకి చేరింది, మన పేరు పక్కన గీత మారినా కబురు లేదు. కౌలు రైతులు ఇంతమంది ఉన్న డెల్టాలో ఈ-పంట అనే పంట నమోదులో ఎవరి పేరు ఎక్కిందన్నదే తుపాను పరిహారం ఎవరికో తేలుస్తుంది. ఆ పేరు ఎక్కిన రోజే, మారిన రోజే పొలం యజమానికీ, సాగు చేసేవాడికీ ఇద్దరికీ మెసేజ్ వెళ్ళాలి. దీన్ని సాంకేతిక సౌకర్యం లెక్కన చూడడం మానేయాలి. ఇది పౌరుడి హక్కు, చట్టంలో రాయాల్సిన హక్కు.

బాబాయికి మూడు కాగితాలు, నాలుగు తిరుగుళ్ళ తర్వాత సాయం మళ్ళీ మొదలైంది. పోయిన రెండు విడతల సంగతి ఇంకా తేలలేదు. ఫోన్ నిండిపోయింది, పాతవి తీసేద్దామా అని మొన్న అడిగాను. "ఉంచరా, రేపెవరైనా అడిగితే చూపించడానికి నా దగ్గర ఇవేగా ఉన్నాయి" అన్నాడు.