జయపురం రాజుకి విశాఖ బీచ్‌లో మహలెందుకు?

బీచ్ రోడ్డులో హవా మహల్ ముందు సెల్ఫీ దిగేవాళ్లకి అది జైపూర్ రాజుగారి ఇల్లని చెప్తే, రాజస్థాన్ నుంచి ఇంత దూరం వచ్చారా అని అడుగుతారు. ఆ జైపూర్ కాదు, ఒడిశాలో కొరాపుట్ కొండల్లోని జయపురం. మహారాజా రామచంద్ర దేవ్ 1917లో మొదలుపెట్టిస్తే 1923కి పూర్తయింది.

కొండల్లో కోట ఉండగా సముద్రం ఒడ్డున మహలెందుకు? గాలి కోసమంటారు. అదీ నిజమే గానీ, అసలు సంగతి సర్కారు కచేరీ పనులని నా అనుమానం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా జయపురం విశాఖపట్నం జిల్లాలో భాగం. పిలుపుకి మహారాజు, సర్కారు లెక్కలో జమీందారు. పేష్కష్ (జమీందారు సర్కారుకి కట్టే కప్పం) లెక్కలకైనా, దావాలకైనా, దొరల దర్శనానికైనా జిల్లా కేంద్రానికి రావాల్సిందే. కలెక్టరు ఉండే ఊళ్లో ఇంత మహల్ ఉంటే పరపతే వేరు. జిల్లా చీలినా బంధం తెగలేదు. రామచంద్ర దేవ్ తర్వాత గద్దెనెక్కిన విక్రమ దేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చారు. ఆ రోజుల్లో లక్షంటే మాటలా!

ఇక కట్టుబడి. ఆ కాలపు కోస్తా బంగళాల్లో ఎత్తైన సీలింగు, లోతైన వరండా, లావుపాటి గోడలు మామూలే. టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని నిలువుగా పేర్చి సున్నంతో బిగించేవారు. మద్రాస్ టెర్రస్ అంటే అదే. గానుగాడిన సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపేవారు. ఆ గోడ తడి పీల్చుకున్నా మళ్లీ వదిలేస్తుంది. ఉప్పుగాలి ఊరికి అంతకన్నా ఏం కావాలి?

మనం చేసే రిపేరు చూడండి. పెచ్చు ఊడిన చోట సిమెంటు మెత్తి, పైన రంగేసి చేతులు దులుపుకుంటాం. లోపలి తడికి దారి మూసుకుపోతుంది, ఉప్పు గడ్డకట్టి ఇటుకని తినేస్తుంది. కొన్నాళ్లకి ఆ అతుకు పక్కనే ఇంకో పెచ్చు లేస్తుంది. వేలు పెడితే ఇటుక పొడి పొడిగా రాలుతుంది.

జమీందారీలు రద్దయ్యాక ఇలాంటి ఇళ్లని పోషించిన శిస్తు డబ్బు పోయింది. సముద్రం ఎదుట స్థలం ధర చూస్తే ఎవరికైనా మనసు అపార్ట్‌మెంటు మీదకే పోతుంది. హెరిటేజ్ అని బోర్డు తగిలించి ఖర్చంతా సొంతదారు నెత్తిన పెడితే ఎన్నాళ్లు మోస్తారు? రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకి టీడీఆర్ బాండు (పోయిన స్థలానికి బదులు వేరేచోట కట్టుకోడానికో, అమ్ముకోడానికో ఇచ్చే నిర్మాణ హక్కు) ఇస్తున్నారు కదా, పాత ఇల్లు నిలబెట్టేవాళ్లకీ అంతే సులువుగా అందాలి. కాకపోతే ఒక షరతు: బాండు మీద సంతకం పెట్టే ముందు ఇంజనీరు గోడ గీకి, మెత్తింది సున్నమో సిమెంటో చూడాలి.