‘మెదడే చేయించింది’ అనే మాటకు జవాబు

బరంపురంలో మా వీధి తెలుగువాళ్ల ఫోన్లలో నెల రోజులుగా ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: మనం అనుకోకముందే మెదడు నిర్ణయం తీసేసుకుంటుందని శాస్త్రం నిరూపించింది, మనుషులు యంత్రానికి ఎక్కించిన బొమ్మలని గీత కూడా చెప్పింది, పుట్టుకతో వచ్చిన స్వభావాన్ని ఎవరూ మార్చలేరు, కాబట్టి తప్పు చేసినవాడిని నిందించకండి, వాడికి కావలసింది చికిత్స.

చదవడానికి దయగల మాటలా ఉంటుంది. తాగి భార్యను కొట్టిన మనిషి తరఫున, మా బంధువుల ఇంట్లో పెద్దమనుషుల ముందు, దీన్ని ఒకాయన చదివి వినిపించేవరకు నేనూ పట్టించుకోలేదు. ఆ రోజు ఆమె చెవి వెనక కమిలిన చోటు ఇంకా నల్లగానే ఉంది. కొంగు లాగి దాన్ని కప్పుకుంటూ కూర్చుంది. ఆ మాటలు వింటున్నంతసేపూ తల ఎత్తలేదు. అందుకే ఒక్కొక్క వాదననూ తీసుకుని జవాబు రాస్తున్నాను.

మొదట శాస్త్రం. సందేశం పేరు చెప్పకుండా వాడుకున్నది అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ 1983లో ప్రచురించిన ప్రయోగాన్ని. మనుషులను కూర్చోబెట్టి, బుద్ధి పుట్టినప్పుడు చెయ్యి కదపమన్నారు. కదపాలన్న కోరిక ఏ క్షణాన కలిగిందో, ఎదురుగా గడియారంలా తిరిగే చుక్కను చూసి చెప్పమన్నారు. చెయ్యి కదలడానికి సుమారు అర సెకను ముందే మెదడులో విద్యుత్ సంకేతం పెరగడం మొదలైంది. కోరిక కలిగినట్టు వాళ్లు చెప్పిన సమయం మాత్రం కదలికకు 0.2 సెకన్ల ముందు. ఇంతవరకు నిజమే. కానీ ఆ సంకేతం ‘అయిపోయిన నిర్ణయం’ అని ఎవరు తేల్చారు? మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు ఒక గీత దాటినప్పుడు చెయ్యి కదిలితే, కదలికకు ముందటి సంకేతాలన్నీ కలిపి సగటు తీసినప్పుడు అలా పెరుగుతున్న ఆకారమే కనిపిస్తుందని మెదడు శాస్త్రవేత్త ఆరన్ షుర్గర్ బృందం 2012లో చూపించింది. లిబెట్ కూడా స్వేచ్ఛ లేదని అనలేదు. కోరిక కలిగాక దాన్ని ఆపే వ్యవధి మనిషికి ఉందన్నాడు. సందేశం ఈ ముక్కను వదిలేసింది.

మనం ఏది ఎంచుకోబోతున్నామో మెదడును చూసే యంత్రం పది సెకన్ల ముందే చెప్పేస్తుందని కూడా సందేశంలో ఉంది. ఆ మాట 2008 నాటి ప్రయోగానిది. మనిషి నొక్కబోయేది ఎడమ మీటా, కుడి మీటా అన్నది ఊహించడమే అక్కడి పని. ఊహ ఫలించింది సుమారు 60 శాతం సార్లు. బొమ్మాబొరుసు వేసినా 50 వస్తుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది వేరే ఉంది. కారణం లేకుండా వేలు కదపడాన్నీ, ఆలోచించి చేసే పనినీ ఒకే గాటన కట్టడం ఎలా కుదురుతుంది? 2019లో పరిశోధకుడు ఉరి మావోజ్, ఆయన సహచరులు ఏ సేవాసంస్థకు నిజంగా డబ్బు చేరాలో తేల్చుకోమని కొందరిని అడిగారు. ఏది ఎంచినా తేడా రాని ఎంపికలూ కొన్ని చేయించారు. వాటిలో లిబెట్ సంకేతం కనిపించింది. తూచి చేసిన ఎంపికల్లో అది దాదాపు లేదు. స్వేచ్ఛ ఉందని దీనితో రుజువైపోయిందని నేను అనను. లేదని రుజువైందన్న మాట మాత్రం అబద్ధం.

గీత సంగతి. పద్దెనిమిదో అధ్యాయం 61వ శ్లోకంలో ‘యంత్రారూఢాని’ అన్న మాట ఉంది, కాదనను. రెండు శ్లోకాలు దాటితే 63లో ‘విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు’ అని ఉంది: దీన్ని పూర్తిగా ఆలోచించి, నీకెలా తోస్తే అలా చెయ్యి. బొమ్మకు అలా చెప్పే అవసరం ఏముంది?

ఇక స్వభావం. మా గంజాం జిల్లాలోనే, రుషికుల్య ఒడ్డున జౌగడ రాతి మీద అశోకుడు తన అధికారులకు చెక్కించిన ఆదేశం ఉంది. అసూయ, కోపం, క్రూరత్వం, తొందరపాటు, సోమరితనం ఉన్నవాడు న్యాయంగా నడవలేడనీ, అవి తనలో కలగకూడదని ప్రతి అధికారీ కోరుకోవాలనీ దాని తాత్పర్యం. కళింగంలో నెత్తురు పారించిన రాజు రాయించిన మాట ఇది. మనుషులకు కోపం వస్తుందని ఆయనకు తెలుసు. వచ్చింది కదా అని దానికి లొంగిపొమ్మని మాత్రం రాయించలేదు.

కోపానికి కారణాలు లేవని కాదు. ఆ మనిషి తండ్రీ కొట్టేవాడు. ఆ ఇంట్లో పెరగడం ఒక గాయం, దాన్ని లెక్కలోకి తీసుకోవలసిందే. ‘తమ్ముడు అలా కాలేదు కదా’ అనే వాదనను నేను వాడను. ఇద్దరి బాల్యం ఒకటే అయి ఉండాలని లేదు. నేను అడిగేది ఇంకొకటి. యజమాని తిట్టినప్పుడు ఇతని చెయ్యి ఎందుకు లేవదు? మా పెదనాన్నకు మతి తప్పే జబ్బు వచ్చాక పఖాళ (చద్దన్నం) గిన్నెను ఎవరున్నారని చూడకుండా విసిరేసేవారు. అన్నం పెడుతున్న పెద్దమ్మ ముందైనా ఒకటే, వైద్యుడి ముందైనా ఒకటే. ఆయనను మేము ఒక్క రోజూ నిందించలేదు, నిందించాలని తోచనూ లేదు. ఆపుకోలేని చేతికీ, మనిషిని చూసి ఆగే చేతికీ తేడా పెద్దమ్మకు ఏ ప్రయోగమూ లేకుండానే తెలుసు.

చట్టానికీ తెలుసు. మతి స్థిమితం లేక తన పని ఏమిటో గ్రహించలేనివాడికి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. తనకు తెలియకుండానో, తన ఇష్టానికి విరుద్ధంగానో మత్తు ఎక్కించినప్పుడు, ఆ మత్తులో ఏం చేస్తున్నాడో గ్రహించలేకపోతే 23వ సెక్షన్ కాపాడుతుంది. సొంతంగా సీసా తెచ్చుకున్నవాడికి ఆ రక్షణ లేదు.

నిందించవద్దన్న సందేశం చికిత్స కావాలని కూడా అంటుంది. చికిత్స నాకూ కావాలి. అయితే ఆ రోజు సందేశం చదివాక చికిత్స మాట ఎవరూ ఎత్తలేదు. ‘సర్దుకుపో అమ్మా, వాడి చేతిలో ఏముంది’ అని ఆమెకే చెప్పారు. అప్పుడు ఆమె మేనమామ అతన్ని ఒక్కటే అడిగారు: “కొట్టే ముందు వీధి తలుపు గడియ వేశావా, లేదా?” అతను చాలాసేపు నేల చూశాడు. “వేశాను” అన్నాడు. “ఎందుకు?” “ఎవరైనా వస్తారని.” చదివినాయన ఫోను జేబులో పెట్టుకున్నారు. తాగుడు మాన్పించే వైద్యుడి దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి, అంతవరకు ఆమె ఎవరింట్లో ఉండాలి అన్న మాటలు ఆ తరువాతే మొదలయ్యాయి.