అల్యూమినియం తీగ, అతుకు దగ్గర వేడి

విద్యుత్ వాహకాల గురించి నేను చదివిన ఒక వ్యాసం, వెండి, రాగి, అల్యూమినియం అనే వరుసలో మంచి వాహకాలను వివరించి, కరెంటు లైన్లకు అల్యూమినియం వాడటానికి కారణం చౌక అని ఒక్క మాటలో తేల్చేసింది. ధర ఒక కారణమే గాని, బరువు కూడా అంతే ముఖ్యం. రాగితో పోలిస్తే అల్యూమినియం వాహకత సుమారు 61 శాతమే అయినా, సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములే, రాగిది 8.96 గ్రాములు, అందువల్ల అంతే నిరోధం వచ్చేలా లావుగా చేసిన అల్యూమినియం తీగ సైతం రాగి తీగ బరువులో దాదాపు సగమే తూగుతుంది. టవర్ల మధ్య వందల మీటర్లు వేలాడే లైన్లలో, బలం కోసం నడిమధ్య ఉక్కు తీగలు పెట్టి చుట్టూ అల్యూమినియం పోగులు పేనుతారు.

ఆ వ్యాసంలో తప్పక ఉండవలసిన, కానీ లేని విషయం మరొకటి ఉంది. గాలి తగిలిన వెంటనే అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పొర కొన్ని నానోమీటర్ల మందమే అయినా అది విద్యుత్ బంధకం, అంటే మంచి వాహకం తన ఒంటి మీదే బంధకాన్ని కప్పుకొని ఉంటుందన్నమాట. మన పొలాల్లో అల్యూమినియం సర్వీసు వైరును మోటారు స్టార్టరు రాగి తీగతో మెలిపెట్టి టేపు చుట్టిన చోట, కొంతకాలానికి టేపు నల్లబడి పెళుసెక్కి ఊడిపోవడం చాలామంది చూసే ఉంటారు. ఆ ఆక్సైడు పొర వల్ల అతుకు దగ్గర నిరోధం పెరిగి, కరెంటు వర్గానికి అనులోమంగా, అంటే కరెంటు రెట్టింపైతే నాలుగింతలుగా, వేడి పుడుతుంది. వేడికి రాగికంటే ఎక్కువగా వ్యాకోచించే అల్యూమినియం, మోటారు ఆగి చల్లారినప్పుడు వదులై, మరుసటిసారి నిరోధాన్ని ఇంకా పెంచుతుంది. తేమ తోడైతే రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై అల్యూమినియమే క్షయమవుతుంది. అటువంటి చోట తీగను బ్రష్షుతో గీకి, ఆక్సైడును అడ్డుకునే పేస్టు పూసి, బైమెటాలిక్ లగ్గును, అంటే ఒకవైపు అల్యూమినియం, మరోవైపు రాగి ఉండే తొడుగును, తీగ కొసకు నొక్కి బిగించే క్రింపింగు చేయించాలి.